దూరదర్శన్‌లో ఒక శుక్రవారం

గత విద్యా సంవత్సరంలో ద్వితీయ సంవత్సరపు తెలుగు తరగతికి అభ్యాసంగా మేము ఒక చిన్న ప్రశ్న ఇచ్చాము. నిన్న రాత్రి మీరు చూచిన కార్యక్రమం ఏదైనా ఒకదానిని గురించి ఒక పుట వ్రాయండి అన్నాము. కాగితాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు ఒక సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. ఏ రెండు కాగితాలలోనూ ఒకే కార్యక్రమం లేదు. ఒకరు క్రికెట్ ఆటను, ఒకరు కొరియా దేశపు ధారావాహికను, ఒకరు మోటారు సైకిలు ఇంజను విప్పి బిగించే విధానాన్ని, ఒకరు తజ్వీద్ పాఠాన్ని వర్ణించారు. ఒకే ఇంటినుండి వచ్చే అన్నాచెల్లెళ్ళు ఇద్దరు, ఒకే గదిలో ఒకే వేళ కూర్చుండి, రెండు ఫోనులలో రెండు వేరు లోకాలను చూచారట.

ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఎవరి అభిరుచి వారిది. కాని మా చిన్ననాట కారంపూడి పాఠశాలలో మా ఉపాధ్యాయులు ఇదే ప్రశ్న వేసి ఉంటే కాగితాలన్నీ ఒకే కార్యక్రమాన్ని గురించి ఉండేవి. ఊరిలో ఉన్నది ఒకే తెర, ఆ తెరమీద నడిచేది ఒకే వరుస. ఆ వరుస ఎట్లా ఏర్పడింది, అందులో ఎవరికి ఎంత వంతు దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది విద్యార్థులకు వివరించవలెనని ఈ వ్యాసం తలపెట్టాము. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఇందులో ఒక విన్నపం ఉన్నది. దానిని చివరకు చెబుతాము.

కార్యక్రమాల వరుస అన్నది మా ఊరికి టెలివిజన్ నేర్పిన సంగతి కాదు. కార్తీక అమావాస్యతో మొదలై అయిదు దినాలు జరిగే పల్నాటి వీరారాధన ఉత్సవాన్ని మన విద్యార్థులలో ఎరుగనివారు ఉండరు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఈ క్రమం మారదు. నాగులేటి ఒడ్డున వీరుల గుడి ముంగిట వీరవిద్యావంతులు కథ పాడుతుంటే, కోడిపోరు కోసం వచ్చిన కుర్రవాడు రాయబారాన్ని కూడా వినవలసిందే. "అది దాటవేసి ఇది చెప్పండి" అని అడిగే ఏర్పాటు ఆ సభలో లేదు. తనకు అక్కరలేని ఘట్టం నడుస్తున్నంతసేపూ కాచుకొని కూర్చుండేవానికి ఆ ఘట్టం కూడా కొంత అంటుకొనేది. దూరదర్శన్ చేసిన పని కూడా చాలవరకు ఇదేనని మా అభిప్రాయం.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆకాశవాణి అనుబంధంగా, ప్రయోగాత్మకంగా మొదలైనది. 1967 జనవరి 26న ఢిల్లీ పరిసరాల 80 గ్రామాల రైతుల కోసం 'కృషి దర్శన్' ఆరంభించారు. మన తెలుగు పల్లెలకు టెలివిజన్ పరిచయమైన విధానం మరింత విచిత్రం. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక్క సంవత్సరంపాటు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకొని మన శాస్త్రజ్ఞులు ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు పంపించారు. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాల భాషలలో తెలుగు ఒకటి. ఉదయం పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, వినోదం. గ్రామానికి ఒక్కటే పెట్టె. దానికి మూడు మీటర్ల వెడల్పుగల గొడుగువంటి ఏంటెనా. ఆ గొడుగును కోళ్ళగూళ్ళకు వాడే ఇనుపవలతో తయారుచేశారు. (కోడిపోరు గడ్డమీద పుట్టిన మాకు ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.) 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి దిగివచ్చిన బొమ్మ, కోళ్ళవలలో పడి, గ్రామస్థులందరి ముందు వెలిగింది. సంవత్సరం నిండగానే ఉపగ్రహాన్ని తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినది.

1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణినుండి విడివడి ప్రత్యేక సంస్థ అయినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రాన్ని నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. అయినా తెలుగులో వార్తలకు మరి ఆరేండ్లు ఆగవలసి వచ్చింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. నేటివలె కళ్ళయెదుట అక్షరాలు నడిపించే యంత్రం అప్పుడు లేదు. కాగితంలోని వాక్యాలను ముందుగా కంఠస్థం చేసి, తల ఎత్తి ప్రేక్షకులవైపు చూస్తూ చెప్పేవారు. 2011లో పదవీ విరమణ చేసిన ఆయన 2024 ఏప్రిల్ 5న కన్నుమూసినప్పుడు, ఆయనను ఎన్నడూ నేరుగా చూడని ఇండ్లలో కూడా దగ్గరి పెద్ద పోయినట్లు మాట్లాడుకోవడం మేము విన్నాము.

ఇక మా ఇంటి సంగతి. మా తండ్రిగారు బజారులో దర్జీ పని చేసేవారు. 1994లో, మాకు ఆరేడేండ్ల వయస్సున, ఒక నలుపు తెలుపు టెలివిజన్ సెట్టును వాయిదాలమీద తెచ్చారు. సెట్టును తెచ్చినంత మాత్రాన బొమ్మ రాదు. విజయవాడ ఆకాశవాణి మధ్యతరంగాలు నేలను పట్టుకొని చాలా దూరం ప్రాకివస్తాయి గనుక రేడియో మూలగదిలో కూడా పలికేది. టెలివిజన్ తరంగాలు అట్లాకాదు. అవి చూపువలె తిన్నగా పోతాయి. కొండ అడ్డమైతే అక్కడితో సరి. పల్నాటిలో కొండలకు కొదువ లేదు. అందుచేత ఇనుప గొట్టాన్ని ఇంటికప్పుకన్న ఎత్తుగా నిలిపి, దాని కొనకు అల్యూమినియం కడ్డీల ఏంటెనా బిగించేవారు. కడ్డీల పొడవు రావలసిన తరంగపు పొడవునుబట్టి ఉంటుంది. గాలికి గొట్టం కొంచెం తిరిగినా తెరమీద మంచు కురిసేది. ఒకరు మిద్దెమీద గొట్టాన్ని త్రిప్పుతూ "వచ్చిందా?" అని, ఒకరు గుమ్మంలో నిలిచి "ఇంకా, ఇంకా, చాలు చాలు, పోయింది" అని కేకలు పెట్టుకోవడం ఆనాటి ప్రతి వీధిలోనూ వినబడేది.

ఆ రోజులలో మాకు గుర్తున్న ఒక శుక్రవారాన్ని తీసుకొందాము. శుక్రవారమే ఎందుకంటే అది మా ఇంట జుమా దినం, ఊరంతటికీ 'చిత్రలహరి' దినం.

మధ్యాహ్నం మా తండ్రిగారు జుమా నమాజు ముగించి వచ్చి భోజనానికి కూర్చునే సమయాన విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘంవారి పాఠాలు వస్తూ ఉండేవి. 1984 ఆగస్టు 15న ప్రారంభమైన ఈ పాఠాలు కళాశాలలు లేని ఊళ్ళకు కళాశాలను తేవలెనన్న సంకల్పంతో ఏర్పడినవి. అవి ఆంగ్లంలో ఉండేవి. మా ఇంట ఎవరికీ ఆంగ్లం రాదు. అయినను సెట్టు కట్టేవారు కాదు. సముద్రగర్భంలోని పగడపు దీవులు, రక్తకణాలు, ఏదో ఒక శిథిల నగరపు మెట్ల బావి తెరమీద కదులుతూ ఉండేవి. మా తండ్రిగారు అన్నం కలుపుతూ "ఇది ఏమైయుంటుంది?" అని ఊహించేవారు. కొన్ని ఊహలు చాలా తప్పని డిగ్రీ తరగతికి వచ్చిన తరువాత మాకు తెలిసింది. కొన్ని సరియైనవి కూడా.

సాయంత్రపు వేళ సేద్యపు కార్యక్రమం. ఇక్కడ మా ఇంటి పరిస్థితి చెప్పవలె. మాకు సెంటు భూమి లేదు. కాని తరువాత వచ్చే వార్తలకోసం, వార్తల అనంతరం వచ్చే పాటలకోసం ముందుగా స్థలం పట్టుకొని కూర్చున్న పిల్లలము గనుక మిరపనారు ఎంత ఎడంగా నాటవలెనో, ప్రత్తిపై శనగపచ్చ పురుగు ఎప్పుడు గ్రుడ్లు పెడుతుందో వినక తప్పేది కాదు. మా వెనుక చాపమీద నిజమైన రైతులు కూర్చునేవారు. తెరమీది శాస్త్రజ్ఞుడు మందు మోతాదు చెప్పగానే వారిలో ఒకరు "ఆ డబ్బా ధర గూడ చెప్పమను" అనేవారు. 1987-88 ప్రాంతాలలో తెల్లదోమ ప్రత్తిపంటను తుడిచిపెట్టి, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకొన్న సంగతి వారికి పత్రికలలో చదివిన విషయం కాదు. తెరకు వినబడని ఆ జవాబులు మాకు వినబడేవి. నేడు కళాశాలకు రుసుము గడువు అడగడానికి వచ్చిన తండ్రితో మేము పది నిమిషాలు పంటను గురించి మాట్లాడగలుగుతున్నామంటే ఆ చాప చలవే.

ఏడు గంటలకు తెలుగు వార్తలు. వీధి అరుగులమీద సందడి ఆ పదిహేను నిమిషాలు తగ్గేది. తరువాత ఆ రాత్రి చిత్రలహరి. నాలుగైదు తెలుగు సినిమా పాటలు, అంతే. దానికోసం వారమంతా ఎదురుచూచేవారంటే నేటి విద్యార్థి నమ్మకపోవచ్చును. ఏ పాట వస్తుందో ముందు తెలియదు. పాత పాట వస్తే పెద్దలు, కొత్త పాట వస్తే పిల్లలు సంతోషించేవారు. ఒకరి పాట అయిపోయేదాకా మరొకరు ఓర్చుకొనేవారు. రెండవ పాట మధ్యలో బొమ్మ ఆగి, "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న అక్షరాలు వచ్చేవి. ఆ వాక్యాన్ని మేము చదవడం నేర్చుకొన్న తొలి తెలుగు వాక్యాలలో ఒకటిగా లెక్కించవచ్చును. మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు.

ఆ తరువాత తెర ఢిల్లీకి వెళ్ళిపోయేది. ఇది ఎట్లా జరిగేదో విద్యార్థులకు తెలియదు గనుక చెబుతాము. 1982 ఆగస్టు 15నుండి జాతీయ కార్యక్రమం అమలులోనికి వచ్చినది. మనకు రంగుల ప్రసారం వచ్చినది కూడా ఆనాడే. 1983 ఆగస్టులో ప్రయోగించిన ఇన్సాట్-1బి ఉపగ్రహంతో ఢిల్లీ బొమ్మను దేశంలోని చిన్న పెద్ద ప్రసారిణులన్నీ ఒకేసారి అందుకోగలిగినవి. నిర్ణీత సమయం కాగానే ప్రాంతీయ కేంద్రం తన గొంతు ఆపి ఢిల్లీ గొంతుకు దారి ఇచ్చేది. 1980 దశకంలో రాత్రి 8.40కి హిందీ వార్తలు. తెలుగు వారికి ఆ గడియారమే ఒక సరిహద్దు. చాపలు దులుపుకొని ఇరుగుపొరుగు లేచిపోయేవారు. పగలంతా పొలంలో ఉండి రాత్రి భోజనం చేసి తీరికగా కూర్చునే వేళకు తెరమీద తనకు తెలియని భాష ఉండడం పల్నాటి రైతుకు న్యాయమా అన్నది ఆనాడు చాలామంది అడిగిన ప్రశ్న. న్యాయం కాదనే మేము అంటాము. ఉదయం పాలు పితికే వేళకో, సాయంత్రం దీపాలవేళకో ప్రాంతీయ భాషను సర్ది, ఇంటిల్లిపాదీ కూర్చునే రాత్రి ఘడియలను ఢిల్లీ తనవద్ద ఉంచుకొన్నది.

కాని ఈ అన్యాయంలోనే మా ఇంట ఒక వింత జరిగేది. దానిని చెప్పడానికి కొంచెం వెనుకకు, ఒక ఆదివారానికి వెళ్ళవలె. మేము పసివారమై ఉన్నప్పటి సంగతి ఇది. మా పెద్దలు చెప్పగా విన్నాము. 1988 అక్టోబరు 2నుండి 1990 జూన్ 24వరకు ఆదివారం ఉదయాలలో బి.ఆర్. చోప్రా నిర్మించిన 'మహాభారత్' హిందీలో ప్రసారమైనది. మా వీధిలో సెట్టు ఉన్న ఒకే ఇంటికి అందరూ చేరేవారు. అక్కడ ఉన్నవారిలో హిందీ అర్థమయ్యేది మా దాదీ ఒక్కతెకే. ఆమెకు చదువు లేదు. మాట్లాడేది మన ప్రాంతపు ఉర్దూ. తెరమీద ఒకరు ప్రతిన పూనగానే "ఏమన్నాడు బూబమ్మా?" అని నలుగురు ఆమెవైపు తిరిగేవారు. "చేస్తానంటున్నాడు, తప్పనంటున్నాడు. ఏమి చేస్తాడో ఆ మాట మాత్రం నాకు అందలేదు" అనేది ఆమె. "ప్రతిజ్ఞ అన్నాడు కదమ్మా, ఒట్టు పెట్టుకొన్నాడు" అని ప్రక్కనున్న ముసలమ్మ అందించేది. సంస్కృత పదాలు నిండిన ఆ హిందీలో నామవాచకాలు తెలుగువారికి తెలుసు, క్రియలు మా దాదీకి తెలుసు. ఇద్దరూ కలిస్తే వాక్యం పూర్తి అయ్యేది. వ్యాకరణం బోధించే వృత్తిలో ఉన్న మాకు ఇంతకన్న మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ సంభాషణలు వ్రాసినవారు గాజీపూర్ జిల్లా గంగౌలీ గ్రామంలో పుట్టి అలీగఢ్‌లో చదివిన రాహీ మాసూమ్ రజా. 'ఆధా గావ్' నవలతో హిందీ సాహిత్యంలో స్థిరమైన స్థానం సంపాదించిన ముస్లిం రచయిత. ఈ సంగతి మా దాదీకి తెలియదు, ఆమె ప్రక్కన కూర్చున్న ముసలమ్మకూ తెలియదు. తెలిసి ఉంటే ఏమనేవారో మేము ఊహించలేము. బహుశా "అట్లాగా" అని తిరిగి తెరవైపు చూచేవారేమో. అట్లే, దూరదర్శన్ చిహ్నం తిరుగుతూ ఉండగా వినిపించే ఆరంభ సంగీతం పండిత రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌ల కూర్పు అని మేము ఎం.ఏ. చదివే రోజులలో తెలుసుకొన్నాము. అంతవరకు అది మాకు కేవలం దీపాలు పెట్టే వేళ.

ఇంత చెప్పి దోషాలు చెప్పకపోతే వ్యాసం స్తోత్రమవుతుంది. ఒకటి, 1997 వరకు దూరదర్శన్ ప్రభుత్వ శాఖగానే నడిచింది. వార్తలలో మంత్రుల శంకుస్థాపనలకు దొరికిన స్థలం ప్రతిపక్షాల మాటకు దొరకలేదు. నమ్మదగిన వార్త కావలసినవారు రేడియోలో బి.బి.సి. కోసం ముల్లు త్రిప్పుకొనేవారు. రెండవది మాకు ఇంకా బాధ కలిగించేది. ఒకే తెర అన్నాము గాని, ఆ తెర ముందు అందరి స్థలం ఒకటి కాదు. ఆసామి కుర్చీలో, ఇరుగుపొరుగు చాపమీద, కూలివారి పిల్లలు గుమ్మం వెలుపల, మరికొందరు కిటికీ చువ్వలు పట్టుకొని. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించిన ఊరు ఇది. ఆ ఊరిలో కిటికీ వెలుపలినుండి మహాభారతం చూచినవారు ఉన్నారు. మా ఇంటికి సెట్టు వచ్చిన తరువాత మేము మాత్రం అందరినీ లోపలికి పిలిచామా అని తలచుకొంటే, పిలిచినట్లు మాకు గట్టిగా గుర్తు రావడంలేదు.

1995 అన్ని విధాల మలుపు. ఆ ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆయన ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని ఎంతగా కాదన్నారో, ధనవంతుల గుత్తాధిపత్యాన్ని కూడా అంతగానే శంకించారు. ఆ సంవత్సరమే తెలుగులో ప్రైవేటు ఛానెళ్ళు వచ్చినవి. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లో అమలయింది. 2006 ఆగస్టు 15న ఉర్దూకు ప్రత్యేక ఛానెల్ ఇచ్చారు. రాష్ట్ర విభజన తరువాత 2014లో హైదరాబాదు కేంద్రపు ఛానెల్ యాదగిరి అయినది, సప్తగిరి విజయవాడకు వచ్చినది. ఎత్తైన గొట్టం, అల్యూమినియం కడ్డీలు అవసరమైన పాత ప్రసారిణులు 2022 నాటికి చాలవరకు మూతబడినవి.

ఉర్దూ ఛానెల్ వచ్చినప్పుడు మా ఇంట పండుగ చేసుకొన్నాము. అది నిజం. రోజంతా మా భాష. కాని కొన్నాళ్ళకు ఒక లోటు కనిపించింది. పూర్వం హైదరాబాదు కేంద్రం తెలుగు కార్యక్రమాల నడుమ కొంత సమయం ఉర్దూకు కేటాయించేది. ఒక ముషాయిరా వస్తే, తరువాతి తెలుగు కార్యక్రమం కోసం కూర్చున్న పొరుగువారు కూడా దానిని చూచేవారు. "వాహ్ వాహ్ అని ఎందుకంటారు, పాట మధ్యలో?" అని అడిగేవారు. మా తండ్రిగారు కత్తెర ప్రక్కన పెట్టి షేర్‌లోని రెండవ పాదానికోసం ఎట్లా ఎదురుచూడవలెనో చెప్పేవారు. ప్రత్యేక ఛానెల్ వచ్చిన తరువాత ఆ ప్రశ్న అడిగినవారు లేరు. మా భాషకు దొరికిన సమయం పెరిగింది, దానిని యాదృచ్ఛికంగా వినే పొరుగువారు తగ్గిపోయారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ అని అడిగితే మేము తడబడతాము. మన ఈ సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి మొదలై మధ్యలో కలుస్తాయి. ఒకే అట్ట గనుక, తన వ్యాసం వెదుకుతూ పుటలు త్రిప్పే విద్యార్థి రెండవ లిపిని ఒక్కసారియైనా చూడక తప్పదు.

ఇక కమిటీ పెద్దలకు విన్నపం. విద్యార్థుల విశ్రాంతి గదిలోని టెలివిజన్‌ను ఎవరూ చూడడంలేదు గనుక దానిని తొలగించి ఆ మూల బీరువా పెట్టవలెనన్న సూచన వచ్చినదని విన్నాము. చూడకపోవడానికి కారణం మేము విచారించాము. బొమ్మ రావడంలేదు. దూరదర్శన్‌వారి ఉచిత డిష్‌కు నెలసరి రుసుము లేదు. ఉన్న గొడుగు, పెట్టె బాగానే ఉన్నవి. సప్తగిరి, ఉర్దూ, రెండూ అందులో వస్తాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్క గంట, సప్తగిరిలో ఏది వస్తే అది, మార్చకుండా, మా విద్యార్థులతో కలిసి చూడడానికి మేము సిద్ధంగా ఉన్నాము. గది తాళపుచెవి ఆ వేళకు మాకు ఇప్పిస్తే చాలు. ఆ ఉపగ్రహం మనకు ఆగ్నేయ దిశలో ఉంటుంది. కళాశాల మిద్దెమీద సరిగ్గా ఆ దిక్కునే వేపకొమ్మ ఒకటి పెరిగి గొడుగుకు అడ్డం వచ్చింది. దానిని కొట్టించడానికి అనుమతి ఇవ్వగోరుతున్నాము.